మాస్టారూ, ఆవకాయ సీసా మాత్రం ఇంట్లో ఉంచి వెళ్ళండి

శ్రీకాకుళం నుంచి పదవీ విరమణ చేసిన ఒక లెక్కల మాస్టారు ఇలా అడిగారు: ‘వచ్చే నెల న్యూజెర్సీలో ఉన్న మా అబ్బాయి దగ్గరకు వెళుతున్నాం. మా పెళ్ళయి 40 ఏళ్ళు నిండుతున్నాయని, ఆ ఊళ్ళో ఎప్పటి నుంచో నడుస్తున్న ఒక ఇటాలియన్ హోటల్లో మాకోసం టేబులు చెప్పి ఉంచాడు. మేము మాంసం, చేప, గుడ్డు ముట్టము. మందు అలవాటు లేదు. వాడేమో పిజ్జా తినేయండి, గొడవ వదిలిపోతుంది అంటున్నాడు. మా ఆవిడ చేతిసంచిలో ఆవకాయ సీసా పెట్టుకుంటానంటోంది. అక్కడ మేము తినగలిగినవి నిజంగా ఉంటాయా? ఏదో ఒక వంక చెప్పి ఇంట్లోనే ఉండిపోవడం మంచిదా?’

వెళ్ళండి మాస్టారూ, వంకలు వెతకకండి. నాది కవిటి దగ్గర పల్లె. మా ఉద్దానం కుర్రాళ్ళు చాలామందిలాగే నేనూ ఓడ ఎక్కాను. ఓడ వంటింట్లో గిన్నెలు తోమడంతో మొదలుపెట్టి, చివరకు న్యూజెర్సీలో ఒక పాత ఇటాలియన్ హోటలు వంటింట్లో 16 ఏళ్ళు పొయ్యి దగ్గర నిలబడ్డాను. ఇప్పుడు శ్రీకాకుళంలోనే ఉంటున్నాను. మీలాంటి పెద్దవాళ్ళు పిల్లల వెంట వచ్చి, మెనూ అటూ ఇటూ తిప్పి, చివరకు ఒక రొట్టెముక్క కొరికి ‘ఆకలి లేదు బాబూ’ అనడం వంటింటి గుమ్మం లోంచి ఎన్నోసార్లు చూశాను. ఆ వంటింట్లోనే వాళ్ళు హాయిగా తినగలిగినవి పది రకాలు ఉండేవి. వాటిని ఎలా అడగాలో వాళ్ళకు చెప్పినవారు లేరు, అంతే.

ముందు ఆ హోటలు ఎలాంటిదో మనసులో ఒక రూపు కట్టుకోండి. అద్దాల మేడ, తెల్ల కోట్లు, పలకడం రాని పేర్లు ఊహించుకుని భయపడుతున్నట్టున్నారు. అది నిజానికి ఒక కుటుంబం నడిపే భోజన హోటలు. 1880 నుంచి 1920 లోపు 40 లక్షలకు పైగా ఇటాలియన్లు అమెరికా వెళ్ళారు. వాళ్ళలో ఎక్కువమంది దక్షిణాది వాళ్ళు. నేపుల్స్, కాలాబ్రియా, సిసిలీ పల్లెల్లో బతుకు గడవక ఓడ ఎక్కినవాళ్ళు. మన ప్రాంతం నుంచి తాతలు రంగూన్ వెళ్ళినట్టే అనుకోండి. సొంత ఊళ్ళో వాళ్ళ తిండి రొట్టె, చిక్కుడు గింజలు, ఆకుకూరలు, టమాటా, దొరికితే కాస్త నూనె. మాంసం పండగకే. అమెరికాలో మాంసం చవకగా దొరికేసరికి పళ్ళెంలో క్రికెట్ బంతి అంత మాంసపుండలు వచ్చి చేరాయి. మెనూ మొదటి పేజీ నిండా మీకు కనిపించేది ఆ తరవాతి సంపదే. మీరు తినవలసినది అంతకు ముందరి పేదరికం. అది మెనూలో చిన్న అక్షరాల్లో, పక్కన ఎక్కడో ఉంటుంది. కొన్నిసార్లు అసలు రాసే ఉండదు, అడిగితే చేస్తారు.

మన డే అండ్ నైట్ కూడలి చుట్టుపక్కల పాత టిఫిన్ హోటళ్ళు గుర్తు తెచ్చుకోండి. గోడ మీద బోర్డులో ముప్పై పేర్లు ఉంటాయి. రోజూ వచ్చేవాడు ఆ బోర్డు వైపు చూస్తాడా? లోపలికి తొంగి చూసి ‘ఇవాళ చట్నీ ఏమిటి’ అని అడుగుతాడు. పాత ఇటాలియన్ హోటలు పద్ధతీ అదే. కొత్తగా తెరిచిన గొలుసు హోటళ్ళలో సాసులు ఎక్కడో తయారై సంచుల్లో వస్తాయి. వాటిలో ఏముందని అడిగితే వడ్డించేవాడికి తెలియదు. పాతచోట పొద్దున పది గంటలకు టమాటా సాసు పొయ్యి మీద పెట్టినవాడే సాయంత్రం మీ పళ్ళెం చేస్తాడు. అందుకే మీలాంటి నియమాలున్నవాళ్ళకు నేను ఎప్పుడూ పాత హోటలే మేలంటాను. ఈ మాటకు వస్తే మీ అబ్బాయి ఎంపిక మంచిదే, అతని సలహాయే బాగాలేదు.

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. కంటికి కనిపించే మాంసంతో మీకు ఇబ్బంది లేదు. కనిపించనిదానితోనే వస్తుంది. దీని మీద నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. నేను అక్కడ చేరిన కొత్తలో ఒక గుజరాతీ పెద్దాయన కూరగాయల సూపు ఉందా అని అడిగించారు. ఉంది, మినెస్త్రోనే, కూరగాయలూ చిక్కుడు గింజలూ తప్ప ఏమీ లేవు అని లోపలి నుంచి నేనే ధీమాగా చెప్పాను. ఆయన ఇష్టంగా తాగారు, ఇంకో గిన్నె కూడా తెప్పించుకున్నారు. రాత్రి గిన్నెలు సర్దుతుంటే తెలిసింది, ఆ రోజు సూపుకు పోసింది నీళ్ళు కాదు, కోడి ఎముకలు ఉడికించిన నీళ్ళని. ఆయనకు ఎప్పటికీ తెలియదు. నాకు మాత్రం తెలుసు. ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి ఎవరు శాకాహారం అన్నా కుండ మూత తీసి చూడనిదే జవాబు చెప్పేవాణ్ణి కాను.

కాబట్టి ‘వెజిటేరియన్’ అన్న ఒక్క మాట మీద ఆధారపడకండి. అక్కడ ఆ మాటలో గుడ్డు ఇమిడి ఉంటుంది. కొందరి లెక్కలో చేప కూడా ఉంటుంది. విడమరిచి చెప్పాలి: మాంసం వద్దు, చేప వద్దు, గుడ్డు వద్దు, మాంసం గానీ ఎముకలు గానీ ఉడికించిన నీరు కూడా వద్దు. ఈ నాలుగూ మీ అబ్బాయి చేత ఒక చీటీ మీద రాయించండి. వడ్డించేవాళ్ళు ఆ చీటీని నేరుగా వంటింట్లోకి పట్టుకెళతారు. మాకు అలాంటి చీటీ వస్తే కోపం రాదు, ప్రాణం హాయిగా ఉంటుంది. ఇంకో ఉపాయం ఉంది. ‘వీగన్’గా చేయగలిగినవి ఏవి అని అడగండి. ఆ మాటలో పాలు, వెన్న కూడా ఉండవు కాబట్టి గుడ్డు, మాంసపు నీరు వాటంతట అవే తప్పుకుంటాయి. మీకు పాలతో పేచీ లేదు కనుక దాని మీద వెన్నో చీజో వేయించుకోవచ్చు. నూటికి తొంభైసార్లు ఈ దారి దగ్గర.

చీజ్ అన్నాను కాబట్టి అదీ చెప్పాలి. మనం పాలు విరగ్గొట్టడానికి నిమ్మరసం పిండుతాం. వాళ్ళు తరతరాలుగా దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్ అనే పదార్థం వాడుతున్నారు. అసలైన పార్మిజానో రెజ్జానోకు ఇది నియమం: పాలు, ఉప్పు, దూడ రెన్నెట్, అంతకు మించి ఏమీ కలపకూడదు. గొర్రె పాలతో చేసే పెకొరీనో రొమానో కూడా అంతే, గొర్రెపిల్ల రెన్నెట్. అమెరికా కర్మాగారాల్లో చేసే చీజుల్లో చాలా భాగానికి ఇప్పుడు సూక్ష్మజీవుల నుంచి తీసిన రెన్నెట్ వాడుతున్నారు. పిజ్జా మీద పడే మొజరెల్లా ఎక్కువగా ఇదే. ఇది తెలిశాక తినాలా వద్దా అన్నది మీరూ అమ్మగారూ ఇంట్లోనే తేల్చుకోండి. బల్ల దగ్గర కూర్చుని తేల్చుకునే విషయం కాదు. వద్దనుకుంటే మాత్రం ఒక సంగతి గుర్తుంచుకోండి: పాస్తా వడ్డించాక మీ అనుమతి కోసం చూడకుండా తురుము చల్లేసే అలవాటు వాళ్ళకు ఉంది. ముందే చెప్పాలి. పచ్చని పెస్తో సాసులోనూ ఈ చీజే ఉంటుంది.

మెనూ చదవడం విషయానికి వస్తే, కొన్ని మాటలు గుర్తుపడితే సగం పని అయిపోతుంది. పోల్లో అంటే కోడి, వితెల్లో అంటే దూడ మాంసం, మంజో అంటే పెద్దదాని మాంసం. పాన్చెట్టా, ప్రోషూటో, గ్వాంచాలే, సల్సీచా ఈ నాలుగూ పంది కుటుంబం. వొంగోలే అంటే సముద్రపు గుల్లలు, మన ఒంగోలుకూ దానికీ చుట్టరికం లేదు. కార్బొనారాలో గుడ్డూ పంది మాంసమూ రెండూ ఉంటాయి. బొలొనీజ్, రగూ అన్నవి కైమా సాసులు. పుట్టనెస్కా చూడటానికి టమాటా, ఆలివ్ కాయలు, ఎంతో అమాయకంగా ఉంటుంది. అందులో ఆంచొవీ అనే చిన్న చేప కరిగిపోయి ఉంటుంది. సీజర్ సలాడ్ పచ్చి ఆకులే కదా అనుకుంటారు, దాని పులుసులోనూ ఆ చేపే, పైగా పచ్చి గుడ్డు. అలాగని మారినారా అన్న పేరు చూసి సముద్రం గుర్తొచ్చి భయపడకండి. న్యూజెర్సీలో అది వెల్లుల్లి వేసిన వట్టి టమాటా సాసు, మీకు ఆప్తబంధువు.

పెన్నే అల్లా వోద్కా అనే పాస్తాను మీ అబ్బాయి తప్పకుండా చూపిస్తాడు, ఎందుకంటే న్యూజెర్సీలో అది లేని ఇటాలియన్ హోటలు కనబడదు. నారింజ రంగులో, మీగడ కలిసి, చాలా బాగుంటుంది. పేరులోనే ఉన్నది మందు. పొయ్యి మీద చాలావరకు ఆవిరైపోతుంది గానీ మొత్తం పోదు. కొన్నిచోట్ల పంది మాంసపు ముక్కలు కూడా వేస్తారు. మందు అలవాటు లేదన్నారు కాబట్టి దాని జోలికి పోకండి. రిసోట్టో మన అన్నం లాంటిదే కదా అని మురిసిపోయేరు. ఆ బియ్యాన్ని తెల్ల వైనుతో తడిపి, గరిటెడు గరిటెడుగా మాంసపు నీరు పోస్తూ ఉడికించడం వాళ్ళ పద్ధతి. కూరగాయల నీటితో చేయించుకోగలిగితే మంచిదే, కానీ దానికి ఇరవై నిమిషాలకు తక్కువ పట్టదు. రద్దీ వేళ అడిగితే వంటవాడు లోపల పళ్ళు నూరతాడు.

వేయించినవి అసలే వద్దు. వంకాయ చక్రాలు, గుమ్మడి జాతి జుకీనీ, చీజ్ కడ్డీలు అన్నీ చూడటానికి శాకాహారమే. అవి మునిగే నూనెలో అరగంట క్రితమే స్క్విడ్ అనే సముద్రజీవి ముక్కలు మునిగి ఉంటాయి. వంకాయ పార్మిజానా అని అందరూ సలహా ఇస్తారు. అమెరికా పద్ధతిలో ఆ వంకాయను గుడ్డు సొనలో ముంచి, రొట్టెపొడి అద్ది వేయిస్తారు. గుడ్డు లేకుండా పిండిలో దొర్లించే పాతకాలపు వంటిళ్ళూ ఉన్నాయి, కాబట్టి అడగడంలో తప్పు లేదు, నూనె సంగతి కూడా కలిపి అడగండి.

పాస్తాలో రెండు జాతులు. ఎండు పాస్తా అంటే గట్టి గోధుమ జాతి అయిన డ్యూరమ్ రవ్వ, నీళ్ళు, అంతే. మన సేమియాకు అన్నగారు. స్పగెట్టీ, పెన్నే, రిగటోనీ సాధారణంగా ఇవే. తాజాగా పిసికి చేసే పాస్తాలో చాలావరకు గుడ్డు ఉంటుంది: ఫెట్టుచినే, రావియోలీ, లజాన్యా రేకులు. అందుకని ‘ఎండు పాస్తా’ అని నొక్కి చెప్పండి. అక్కడివాళ్ళు ‘మా పాస్తా ఇంట్లో చేసింది’ అని గర్వంగా చెబితే మీరు మర్యాదగా వద్దనాలి, కాస్త విచిత్రంగా ఉంటుంది కానీ తప్పదు.

ఇంకొక విషయం దాచకుండా చెబుతాను. రద్దీగా ఉన్నప్పుడు అన్ని రకాల పాస్తాలూ ఒకే పెద్ద బానలో, ఒకే నీటిలో, వేరు వేరు జల్లెడ బుట్టల్లో ఉడుకుతాయి. గుడ్డు పాస్తా ఉడికిన నీటిలోనే మీదీ ఉడకవచ్చు. విడిగా గిన్నె పెట్టమని అడగవచ్చు. శనివారం రాత్రి ఏడున్నరకు మీరు అడిగితే ‘అలాగే’ అంటారు, పెడతారో లేదో నేను హామీ ఇవ్వలేను. ఆ సమయంలో మా వంటిల్లు రథసప్తమి నాటి అరసవల్లి క్యూలా ఉండేది. అదే మంగళవారమో బుధవారమో సాయంత్రం అయిదుంపావుకు వెళితే, పొయ్యి ఖాళీగా ఉంటుంది, నీళ్ళు అప్పుడే మరిగి ఉంటాయి, వంటవాడికి ఓపిక ఉంటుంది. మీ వయసు వాళ్ళకు ఆ వేళే మంచిది కూడా. చప్పుడు ఉండదు, షుగరు మాత్ర వేళ తప్పదు. టేబులు ఎప్పటికి చెప్పాడో అబ్బాయిని అడిగి, శనివారం అయితే మార్పించండి. ముందు రోజు మధ్యాహ్నం మూడు గంటలకు ఒకసారి ఫోను చేసి చెప్పించండి. మధ్యాహ్నం భోజనాలు అయిపోయి, రాత్రి వంట మొదలవని వేళ అది. ఫోను ఎత్తేది తరచు యజమానే. 40 ఏళ్ళ పెళ్ళిరోజని కూడా చెప్పమనండి. అలాంటి చోట ఆ మాటకు విలువ ఉంటుంది.

ఇక ఏమి తినాలి? నన్ను అడిగితే ఒకటే పేరు ముందు చెబుతాను: స్పగెట్టీ ఆల్యో ఎ ఓల్యో. వెల్లుల్లి, నూనె అని అర్థం. చాలా మెనూల్లో ఉండదు, కానీ అది చేయలేని ఇటాలియన్ వంటవాడు పుట్టలేదు. డ్యూటీ అయ్యాక మేము తినేది అదే. అమ్మగారికి ఇది చదివి వినిపించండి, ఆవిడకు వెంటనే అర్థమవుతుంది. పెనంలో ఆలివ్ నూనె పోసి, వెల్లుల్లి రేకులను కాగితమంత పలచగా తరిగి, సన్నటి సెగ మీద వదిలేస్తాం. మన పోపులా చిటపటలాడకూడదు, నెమ్మదిగా బంగారు రంగుకు రావాలి. రంగు దాటితే చేదు, పారబోసి మళ్ళీ మొదలుపెట్టాలి. అప్పుడు ఎండుమిర్చి తునకలు. పక్క పొయ్యి మీద స్పగెట్టీ ఉడుకుతుంటుంది. 100 గ్రాముల పాస్తాకు లీటరు నీళ్ళు, 10 గ్రాముల ఉప్పు, ఇది చిన్నప్పుడే వాళ్ళకు నోటికి వచ్చే లెక్క. పంటికి కాస్త తగిలే పాకంలో ఉండగానే తీసి నూనెలో వేసి, ఆ ఉడికిన నీళ్ళు ఒక గరిటెడు పోస్తాం. మంత్రమంతా ఆ నీళ్ళలోనే ఉంది. అది గంజి. నూనెనూ నీటినీ కలిపి చిక్కటి రసంగా మార్చి ప్రతి పోగుకూ పట్టిస్తుంది. పొందూరు పంచెకు గంజి పెట్టిన ఊళ్ళో పుట్టిన మనకు ఇది ఎవరూ నేర్పనక్కరలేదు. గంజి పారబోసిన వంటవాణ్ణి మా పెద్ద వంటవాడు తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

పాస్తా మెత్తగా ఉడకలేదని మీకు అనిపిస్తుంది. ఉడకనట్టు కాదు, అలాగే ఉండాలి. అయినా మీ పళ్ళు మీవి, కాస్త మెత్తగా ఉడికించమని అడగడంలో సిగ్గేమీ లేదు. ఫోర్కుతో పోగులు చుట్టడం రాదని అమ్మగారు జంకితే స్పగెట్టీ బదులు పెన్నేతో చేయమనండి. గొట్టాల్లాంటివి, గుచ్చుకుని తినవచ్చు.

దాని పక్కన బ్రాకొలీ రాబే అని ఒక ఆకుకూర తెప్పించుకోండి. పేరు చూసి బ్రాకొలీ పువ్వు అనుకోకండి. ఇది ఆవ జాతి ఆకు, చిరుచేదు, ఘాటు. వెల్లుల్లి, నూనె, ఎండుమిర్చితో వేయిస్తారు. ఆవ పెట్టిన పనసపొట్టు కూర తిని పెరిగిన నాలుకకు ఇది ఒక్క ముద్దలో తెలిసిపోతుంది. నేను అక్కడ తిన్నవాటిలో ఇంటి బెంగ తీర్చినది ఇదొక్కటే. ఇటాలియన్ కుర్రాళ్ళే ఈ రోజుల్లో చేదని దీన్ని వదిలేస్తున్నారు. మన అదృష్టం, మిగులుతుంది. సాసేజి ముక్కలతో కలిపి చేసే రకం కూడా ఉంటుంది కనుక వట్టిది కావాలని చెప్పండి.

మొదట్లో కొరుక్కోవడానికి బ్రుస్కెట్టా: కాల్చిన రొట్టెకు వెల్లుల్లి రుద్ది, పైన టమాటా ముక్కలు, బేసిల్ ఆకు. బేసిల్ అంటే మనం ఎండాకాలం నానబెట్టుకు తాగే సబ్జా గింజల మొక్కే, తులసికి చెల్లెలు. బల్ల మీదకు ముందుగా వచ్చే రొట్టెల బుట్టతో మాత్రం జాగ్రత్త. సాధారణంగా అందులో గుడ్డు ఉండదు, తినవచ్చు. కానీ అది పెళ్ళిలో భోజనానికి ముందు పంచే పకోడీల వంటిది. అక్కడే కడుపు నింపుకుంటే అసలు వంట వచ్చేసరికి చేతులెత్తేస్తారు.

పిజ్జా తినకూడదని నేను అనడం లేదు. నేపుల్స్‌లో 1870 నుంచి నడుస్తున్న డా మికేలే అనే హోటలు చాలా కాలం రెండే రెండు రకాల పిజ్జాలతో పేరు తెచ్చుకుంది, మారినారా, మార్గెరిటా. మొదటిదాని మీద చీజ్ కూడా ఉండదు: టమాటా, వెల్లుల్లి, ఒరెగానో ఆకు, నూనె. చీజ్ వద్దనుకుంటే అదే మీది. రెండోదానిలో నేపుల్స్ పద్ధతిలో చేస్తే ఉల్లీ వెల్లుల్లీ ఉండవు. మీ ప్రయాణం కార్తీకంలో పడితే ఇది పనికివస్తుంది, అయితే అమెరికాలో సాసులోనే వెల్లుల్లి కలిపేసేవాళ్ళు ఎక్కువ కాబట్టి కనుక్కోవాలి. కానీ మాస్టారూ, పిజ్జా మీ అబ్బాయి ఏ వారమైనా ఇంటికి తెప్పించగలడు. 40 ఏళ్ళ పెళ్ళిరోజున ఒక పాత వంటింటికి వెళ్ళి అది తిని రావడం నాకు నచ్చదు.

ఆవకాయ సీసా. మీ ఆవిడ మనసు నాకు తెలుసు, నా లాకరులోనూ ఒకటి ఉండేది. అయినా బల్ల మీద తీయకండి. వాళ్ళేదో అంటారని కాదు. ఆ వెల్లుల్లి నూనె మీద ఆవపిండి పడితే రెండూ పాడవుతాయి. కారం కావాలంటే ఎండుమిర్చి తునకల గిన్నె అడగండి, ఊరికే ఇస్తారు. ఇంకా కావాలంటే కాలాబ్రియా మిరపకాయలు ఉన్నాయా అని అడిగించండి. పండుమిర్చిని ఉప్పు వేసి నూనెలో ఊరబెట్టినవి. మన కొరివికారానికి దగ్గర. ఒక చెంచాడు పక్కన పెట్టుకుంటే అమ్మగారికి సీసా గుర్తు రాదు.

తీపి విషయంలో కొంచెం నిరాశే. తిరమిసూలో గుడ్డు, చాలాచోట్ల మందు. పన్నా కోట్టా చూస్తే పాల జున్నులా ముద్దొస్తుంది, అది గడ్డకట్టేది జెలటిన్‌తో, అంటే జంతువుల ఎముకలూ చర్మం నుంచి తీసినది. కనోలీ గొట్టాల్లో వైను, కొన్నిటిలో పంది కొవ్వు. నిమ్మకాయ సోర్బెట్టో ఉంటే అదే తినండి: నీళ్ళు, పంచదార, నిమ్మరసం. అది అయ్యాక ఎస్ప్రెస్సో. చిన్న కప్పులో రెండు గుక్కల డికాక్షన్. పాలు వేసిన కాఫీ భోజనం తరవాత అడిగితే ఇటలీలో వింతగా చూస్తారు గానీ న్యూజెర్సీలో ఎవరూ ఏమీ అనరు.

మందు గురించి మొహమాటపడకండి. ఆ రాష్ట్రంలో మద్యం లైసెన్సులు జనాభా లెక్కన, 3,000 మందికి ఒకటి చొప్పున మాత్రమే ఇస్తారు. అందుకే చాలా చిన్న హోటళ్ళలో మద్యం అమ్మనే అమ్మరు, కావలసినవాళ్ళు ఇంటి నుంచి సీసా తెచ్చుకుంటారు. మీరు మంచినీళ్ళతో కూర్చుంటే తేడాగా ఉండదు.

బిల్లు అబ్బాయి కడతాడు, మీరు దాన్ని రూపాయల్లోకి మార్చకుండా ఉంటే అందరికీ క్షేమం. కానీ లెక్కల మాస్టారు ఊరుకోరని తెలుసు కాబట్టి చెబుతున్నాను. నలుగురికి 120 డాలర్లయిందనుకోండి. అమ్మకం పన్ను 6.625 శాతం, అంటే 7 డాలర్ల 95 సెంట్లు. టిప్పు 18 నుంచి 20 శాతం, అంటే 21.60 నుంచి 24. మొత్తం మీద 150 చుట్టూ తేలుతుంది. ఆ టిప్పు చూసి గుండె ఆగినంత పని అవుతుంది. అక్కడి కేంద్ర చట్టం టిప్పుల మీద బతికేవాళ్ళకు గంటకు కనీసం 2.13 డాలర్లే ఇవ్వమంటుంది. 1991 నుంచి ఆ అంకె కదలలేదు. న్యూజెర్సీలో కొంచెం నయం. ఏమైనా మీ చీటీ పట్టుకుని వంటింట్లోకి నాలుగుసార్లు తిరిగిన మనిషికి అసలు జీతం ఆ 24 డాలర్లే.

పళ్ళేలు చాలా పెద్దవి. మీ ఇద్దరికీ ఒక పాస్తా, ఒక ఆకుకూర, ఒక బ్రుస్కెట్టా సరిపోతాయి. అయినా మిగులుతుంది. మిగిలినది పెట్టెలో కట్టివ్వమని అడగండి, అక్కడ అది పరువు తక్కువ పని కాదు, వాళ్ళే ముందు అడుగుతారు. మర్నాడు మైక్రోవేవ్‌లో పెట్టకండి, రబ్బరు అవుతుంది. మూకుడులో చెంచాడు నూనె, రెండు చెంచాల నీళ్ళు వేసి, సన్నటి సెగ మీద మూత పెట్టి వేడి చేసుకోండి. అప్పుడు అమ్మగారు ఆ సీసా తీసుకోవచ్చు.